అమ్మను నడవనివ్వని వీధి

మోకాళ్లు అరిగి నొప్పులు పుట్టినప్పటి నుంచి అమ్మ మంచం దిగడమే మానేసింది. ఒళ్లు వచ్చింది, నాలుగు మాటలాడితే ఆయాసం. ఇలా కదలకుండా కూర్చుంటే రక్తపోటు పెరిగి గుండె పాడవుతుందని, ఓర్చుకోగలిగినంత వరకు రోజూ నిదానంగా నడవాల్సిందేనని డాక్టరు నిన్న గట్టిగా చెప్పాడు. నాన్న పోయిందీ గుండెనొప్పితోనే.

ఈ సాయంత్రం అమ్మను బతిమాలి, చేయి పట్టుకుని డోన్ స్టేషను రోడ్డు మీదికి తీసుకెళ్లాను. నాలుగిళ్లు దాటకముందే శెట్టిగారి భార్య అరుగు దిగి వచ్చింది. "ఏమప్పా, పెద్దామెను ఇట్ల నడిపిస్తాండావే! నీకు మనసెట్లొచ్చె?" అంటూ చాప పరిచి అమ్మను కూర్చోబెట్టేసింది. అక్కడి నుంచి లేపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

కాస్త ముందుకు పోగానే జట్కా ఖాదర్ బండి ఆపాడు.

"ఎక్కు పెద్దమ్మా, దుడ్లేం వద్దులే."

"నడవకపోతే గుండెకు చేటని డాక్టరే చెప్పినాడు ఖాదరన్నా!" అన్నాను.

"మోకాళ్లకూ గుండెకూ ఏం సంబంధమప్పా?"

అమ్మ అప్పటికే బండెక్కుతోంది. ఆ ఒక్క మెట్టుకే రొప్పడం మొదలుపెట్టింది.

"చూడు, నడిపిస్తే ఎట్లయిపాయనో!" అని నన్నే కసిరి ఖాదర్ బండిని మా ఇంటివైపు తిప్పి తోలుకుపోయాడు.

మీ ఊళ్లో పెద్దవాళ్ల మీద ఇంత దయ చూపించని వీధి ఏదైనా ఉంటే చెప్పండి, అమ్మను తీసుకొస్తాను. ఇక్కడైతే డాక్టరు నడవమన్నది ఆమెను, ఇంటిదాకా నడిచింది నేను.