అర్థం కాకుండా ఎంటర్ నొక్కను

నా మొదటి ఉద్యోగం రాయపూర్ నుంచి మందిర్ హసౌద్ వెళ్లే దారిలో ఉన్న ఒక ఇనుము కర్మాగారంలో, కంప్యూటర్ గదిలో. మా సార్ కుటుంబానిది శ్రీకాకుళం. పని తెలిసినవాడే, కానీ ఎవరికీ నేర్పేవాడు కాదు. నల్ల తెర మీద ఏ కమాండ్ కొట్టాలో చెప్పి, "అర్థం నీకెందుకమ్మా? కొట్టీ" అనేవాడు.

నాకు ఒళ్లు మండేది. కమాండ్ ఇస్తే ముక్కలు చేసి, ఏ ముక్క ఏం చేస్తుందో, ఏ సిస్టమ్‌లో ఎలా మారుతుందో చెప్పే ఒక వెబ్‌సైట్‌ను వెతికి పట్టుకున్నాను. అక్కడ చదివాకే కొట్టేదాన్ని. ఆయన "టైమ్ బర్బాద్" అని విసుక్కున్నా మానలేదు.

ఒక మధ్యాహ్నం లారీలు తూచే కాటా దగ్గర రసీదులు ఆగిపోయాయి. రసీదులిచ్చే ప్రోగ్రాం ఇరుక్కుపోయింది. గేటు బయట ఒకటే హారన్లు.

"కిల్ఆల్ కొట్టి, పక్కన ప్రోగ్రాం పేరెట్టు. జల్దీ!" అన్నాడు సార్.

మా కొత్త సర్వర్లు లైనక్స్‌వి. కాటాది మాత్రం పాత యూనిక్స్ యంత్రం. అనుమానమొచ్చి సైట్‌లో చూశాను. లైనక్స్‌లో ఆ కమాండ్ పేరు చెప్పిన ప్రోగ్రాం ఒక్కదాన్నే ఆపుతుంది. మా పాత యంత్రంలో నడుస్తున్నవన్నీ ఆగిపోవచ్చు.

"ఇది కొట్టను సార్. అన్నీ పడిపోతాయి."

"ఏటి, ఆ వెబ్‌సైట్ నాకంటే పెద్దదా?"

"పెద్దదో చిన్నదో, అందులో కారణం రాసి ఉంది. మీరూ కారణం చెప్పండి, కొడతాను."

ఆయన ముఖం ఎర్రబడింది. నేను కుర్చీ వదల్లేదు. ఆ ప్రోగ్రాం నంబరు వెతికి, దాన్నొక్కదాన్నే ఆపి మళ్లీ మొదలుపెట్టాను. రసీదులు వచ్చాయి. లారీలు కదిలాయి.

మర్నాడు నా కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేదు. సార్ తీయించేశాడని తెలిసింది. నేరుగా మేనేజర్ గదికి వెళ్లాను.

"సమ్‌ఝే బినా కుఛ్ నహీ చలావూంగీ, సర్. నెట్ చాహియే," అన్నాను. అర్థం చేసుకోకుండా ఏదీ నడపనని, నెట్ కావాలని.

మేనేజర్ ఫోన్ అందుకున్నాడు. సాయంత్రానికి నెట్ తిరిగొచ్చింది. ఆ తర్వాత చాలాకాలం సార్ నాతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు. ఆయన కళ్లెదుటే ఆ సైట్ తెరిచి చదువుకునేదాన్ని.