పసుపు రాసుకున్న ఓటు

అప్పటి సంగతులు తలుచుకుంటే నవ్వొస్తుంది, వెంటనే ఎవరికో దండం పెట్టాలనీ అనిపిస్తుంది. ఈ దేశంలో తెల్లా నల్లా తేడా లేకుండా అందరూ మొదటిసారి ఒకే వరసలో నిలబడి ఓటేసిన సంబరం ఇంకా వీధుల్లో ఆరని రోజులవి. మీ తాతయ్యకి ఉంజింటో అనే ఈ ఊరి ఆసుపత్రిలో ఉద్యోగమొస్తే కాకినాడ నుంచి నేనూ వచ్చాను. చుట్టూ చెరుకు తోటలు, పొద్దున్నే చక్కెర మిల్లు సైరను. ఆయన డ్యూటీకెళ్తే ఇక సాయంత్రం దాకా నేనూ, నాలుగు గోడలూను. పక్కింటి అవ్వ (వాళ్ల ముత్తాతలెప్పుడో చెరుకు కొట్టడానికి మన వైపు నుంచే ఓడెక్కి వచ్చారట) నన్ను చూసి జాలిపడి, ఒక తెల్ల కుక్కపిల్లని తెచ్చి ఒళ్లో పడేసింది. తను ఓటేసొచ్చిన రోజే పుట్టిందని దాని పేరు ఓటు.

నాకా, కుక్కంటే గేటు అవతల ఉండేదని తప్ప ఇంకేమీ తెలియదు. అది పడుకోబోతూ గిరగిరా తిరిగితే కళ్లు తిరుగుతున్నాయనుకుని కంచె దగ్గరికి పరిగెత్తాను. "పక్క సర్దుకుంటాది, పిల్లా!" అంది అవ్వ. గడ్డి తింటే మళ్లీ పరుగు. "ఒకసారి కక్కి ఆడుకుంటే నో వర్రీ." నిద్రలో కాళ్లు కొట్టుకుంటే మూర్ఛ అనుకున్నాను. "కలలో కోతిని తరుముతాడు, పోనీ." మిల్లు సైరనుకి మోరెత్తి ఊళ వేస్తే మాత్రం నా గుండె జారింది, కుక్క ఏడిస్తే ఇంటికి అరిష్టం కదా! అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. "హాయిబో!" (ఇక్కడి వాళ్ల "అయ్యబాబోయ్" అన్నమాట.) "వాడు సైరన్‌తో పాడతాడు మా. విను, నోరు చేసే కుక్కకి ఏం కాదు. తిండి మాని, నోరు మూసి మూల పడితే, అప్పుడు ఉరుకు."

తర్వాత వానల్లో దాని చెవుల నిండా పిడుదులు పట్టాయి. వాటికి పసుపు పడదని మా ఇంట్లో నమ్మకం. (నేను చెప్పేది రాస్తున్నావా, నవ్వుతున్నావా?) గిన్నెడు పసుపు కలిపి ముక్కు నుంచి తోక దాకా పట్టించాను. అవ్వ కంచె మీంచి చూసి, "ఏం పిల్లా, పెళ్లికొడుకుని చేసినావా? పెళ్లికూతురేది?" అంది.

నాలుగు రోజులకి ఒక పొద్దున సైరను మోగింది. ఓటు పాడలేదు. అన్నం ముట్టలేదు, మూలనుంచి లేవలేదు, పిలిస్తే తోక కూడా కదపలేదు. కంచె దాకా వెళ్లాను గానీ, ఇన్నిసార్లు ఉత్తినే పిలిచి మళ్లీ ఏ మొహంతో పిలవను? కంచె పట్టుకుని అలాగే నిలబడ్డాను. వంటింటి కిటికీలోంచి నా మొహం చూడగానే అవ్వ పప్పు గరిటె పొయ్యి పక్కన పడేసి, కొడుకుని కేకేసి బక్కీ తీయించింది. (సరుకులేసుకునే చిన్న ట్రక్కుని ఇక్కడ అలాగే అంటారు.)

పశువుల డాక్టరు ఓటుని చూసి అదిరిపోయాడు. "కామెర్లు ఇంత ముదిరిపోయాయా! ఎప్పట్నుంచి ఇలా పచ్చగా ఉంది?"

"శుక్రవారం స్నానం చేయించినప్పట్నుంచి," అన్నాను.

"డాక్టర్, అది జబ్బు కాదు, మసాలా!" అంది అవ్వ.

ఆయన దూదితో తుడిచి, పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్లు కాగితంలా తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పిడుదుల జ్వరమట, రక్తం విరిచేస్తుందట. రేపటిదాకా ఆగి ఉంటే దక్కేది కాదన్నాడు. సూదులు వేసి అక్కడే ఉంచుకున్నాడు. నయమై ఇంటికి తెచ్చుకున్న మర్నాడు సైరను మోగగానే ఓటు సన్నగా ఊళ వేసింది. ఏ ఊళకి హడలిపోయానో, ఆ ఊళ విని గుమ్మంలో కూలబడి ఏడ్చాను.

"అవ్వా, నేను ఊరికే పిలుస్తుంటే నీకు విసుగు రాలేదా?" అని ఆ రోజే అడిగాను.

"నువ్వు కూడా అంతే కదా, పిల్లా. కొత్త ఊరు, ఒక్కదానివి. అవ్వా అవ్వా అని అరుస్తుంటే ఈ పిల్ల బాగుంది అనుకుంటా. ఆ రోజు నోరు మూసి నిలబడినావు చూడు, అప్పుడే నాకు భయం."

పిల్లని కనిపెట్టుకుని ఉండమని కుక్కని నా ఒళ్లో పడేసి, ఇద్దర్నీ తానే కనిపెట్టుకుని ఉందన్నమాట, మహాతల్లి. ఆవిడా లేదు, ఓటూ లేదు. మోకాలు నొప్పనీ, మందు చేదనీ నేను రోజూ ఫోన్ చేసి సతాయిస్తున్నానని మీ అమ్మ విసుక్కుంటుందటగా? ఇదంతా చదివి వినిపించు. అమ్మమ్మ ఇంకా పాడుతోందని చెప్పు.