రోకలి పడేదాకా

నా చిన్నప్పుడు మా ఊళ్ళో సూర్యుడికి గ్రహణం పట్టిందో విడిచిందో తేల్చేది పంచాంగం కాదు, రోకలి. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో రోకలి నిలబెట్టేవారు. నిలబడితే పట్టినట్టు, పడితే విడిచినట్టు. అది పడేదాకా పొయ్యి వెలిగించరు, గుక్కెడు నీళ్ళు తాగరు, కడుపుతో ఉన్నదాన్ని గడప దాటనివ్వరు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, తొలకరికి ముందు, ఒక పొద్దున గ్రహణం వచ్చింది. తొలికాన్పుకి పుట్టింటికి వచ్చిన మా అక్క ముందురోజు సాయంత్రం నుంచే నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది, గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని మంత్రసాని చేతులెత్తేసింది. అమ్మ కబురు పెడితే పక్కింటి సాయిబు తాత బండి కట్టుకుని వచ్చాడు. మిరపబస్తాలు గుంటూరుకు తోలడం ఆయన పని. ఆ రోడ్డు మీద ప్రతి గుంటా ఆయనకు తెలుసు. కానీ అప్పటికే పొద్దు పొడిచి, పొడిచిన కాసేపటికే మసకేయడం మొదలైంది. మా నాయనమ్మ వసారాలో రోకలి నిలబెట్టి, గడపకు అడ్డంగా కూర్చుంది.

"రోకలి పడందే పిల్ల బయటికి రాదు" అంది.

ఆమె చెడ్డ మనిషి కాదు. అక్క అరిచినప్పుడల్లా ఆమె పెదవులు వణికేవి. మూఢనమ్మకం ప్రేమ ముఖం పెట్టుకుని గడపలో కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. అందుకే దాన్ని ఈనాటికీ క్షమించలేను.

గంట దాటింది. లోపల అరుపు మూలుగైంది. సాయిబు తాత ముల్లుగర్ర పట్టుకుని వసారాలోకి వచ్చి, మంచినీళ్ళు అడగబోయినవాడిలా రోకలి పక్కన ఆగాడు. కర్ర చివర తగిలి రోకలి దభీమని పడింది. నీళ్ళు నాయనమ్మ పాదాల మీద చిందాయి.

"విడిచిందమ్మా" అన్నాడు.

బయట ఇంకా బూడిదరంగు వెలుగే. నాయనమ్మ ఆయన ముఖం చూసింది, కర్ర చూసింది, పక్కకు జరిగింది.

అమ్మ అక్కను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. తాత ఒక లాంతరు వెలిగించి బండి వెనక కట్టాడు, ఇంకొకటి నా చేతికిచ్చి ముందు కూర్చోబెట్టాడు. మూసిన కిటికీ సందులోంచి ఎవరో, "ఏం సాయిబూ, సూర్యుడికే దారి చూపిస్తన్నావా?" అని నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. "ఇది మనం చూడ్డానికి కాదు పాపా, ఎదుటివాడికి మనం కనబడ్డానికి" అన్నాడు.

రోడ్డంతా ఖాళీ. దారిపక్క చింతచెట్ల కింద వెలుగు నెలవంకల్లా రాలి ఉంది. నేను తల ఎత్తబోతే ఆయన చెయ్యి నా నెత్తిమీద పడింది. "పైకి చూడకు, కళ్ళు పోతాయి. రాహువు వల్ల కాదు, ఎండ వల్ల. రోడ్డు మీద ఉన్నప్పుడు రోడ్డే చూడాలి."

మలుపులో పత్తి బేళ్ళ లారీ ఎదురొచ్చింది. దీపాల్లేవు. డ్రైవరు తల బయటికి పెట్టి, మసిపట్టిన గాజుముక్కలోంచి ఆకాశం చూస్తున్నాడు. తాత అరిచిన అరుపుకి నేను లాంతరు ఎత్తి ఊపాను. లారీ మా చక్రానికి జానెడు దూరంలో పక్కకు కోసుకుని, నల్లరేగడి చేలోకి దిగి ఆగింది.

ఆసుపత్రిలో అక్క బతికింది. బిడ్డ బతకలేదు. ఒక గంట ముందు తెస్తే దక్కేదని డాక్టరమ్మ అమ్మతో చెబుతుంటే విన్నాను.

ఊళ్ళో మాత్రం మాట వేరేగా పాకింది. రోకలి పడకముందే సాయిబు పడేశాడు, గ్రహణంలో పిల్లను బయటికి తీశాడు, అందుకే బిడ్డ పోయింది అన్నారు. ఆ మాట మొదట అన్నది మా నాయనమ్మే. ఆ ఏడు మా వీధివాళ్ళెవరూ ఆయన బండి పిలవలేదు. ఆయన ఎవరితోనూ వాదించలేదు. నాతో ఒక్కటే అన్నాడు: "పాపా, గ్రహణం లేని రోజున రోకలి నిలబెట్టి చూడు."

ఆయన అలా అన్న మర్నాడు ఎండ నిప్పులు చెరుగుతుంటే అదే పళ్ళెంలో నీళ్ళు పోసి, రోకలి రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా వదిలాను. నిలబడింది. వసారాలోంచి నాయనమ్మ చూసింది. తిట్టలేదు, తీసెయ్యమనలేదు. పొద్దుగూకేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది.

గ్రహణం రోజున ప్రయాణమైతే ఇప్పటికీ డ్రైవరును లైట్లు వేయమంటాను, తల ఎత్తను. మూఢనమ్మకాల మీద సభలకు పిలిస్తే ఒక రోకలి, ఒక పళ్ళెం వెంట తీసుకెళ్ళి అందరి ముందూ నిలబెడతాను. జనం చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు ఆగాక, నిలబడ్డ రోకలిని చూస్తుంటే, మూసిన గదిలోంచి ఆ గంటసేపటి అక్క మూలుగు వినబడుతుంది.