నాకు లేని జబ్బు

అక్కకు లూపస్ వచ్చింది. జబ్బుల నుంచి కాపాడవలసిన యాంటీబాడీలే సొంత ఒంటి మీద తిరగబడే జబ్బు అది. విజయవాడలో డాక్టర్ల చుట్టూ తిరుగుతుండగానే రెండు కిడ్నీలూ పాడయ్యాయి. నాన్న లేరు, అమ్మకు షుగరు. నాది ఇస్తానన్నాను. గ్రూపు కలిసింది. అమ్మ ఆ సాయంత్రమే మంగళగిరి వెళ్లి స్వామికి పానకం మొక్కుకుని వచ్చింది.

చివరి పరీక్షల్లో నా రక్తంలోనూ అలాంటి యాంటీబాడీలే కనిపించాయి. డాక్టరుగారు నా కీళ్లు నొక్కి చూశారు, మిగతా రిపోర్టులన్నీ తిరగేశారు.

"మీకు జబ్బేం లేదమ్మా. బాగున్నవాళ్లలో కూడా కొంతమందికి ఇవి ఉంటాయి. ఊరికే ఉంటాయంతే. మందులు కూడా అక్కర్లేదు."

"అయితే కిడ్నీ తీసుకోండి సార్."

"అక్కకి ఈ జబ్బుంది కదమ్మా. రేపు మీకు రాదని నేను రాసివ్వలేను. వద్దండి."

నాకు ఒళ్లు మండిపోయింది. జబ్బు లేదన్న నోటితోనే కిడ్నీ వద్దంటారేమిటని అరిచాను. ఆయన తల దించుకున్నారు గానీ మాట మార్చలేదు. అక్క డయాలసిస్ మీద కొన్నాళ్లు లాక్కొచ్చి, శ్రావణమాసంలో పోయింది.

అప్పటినుంచి అమ్మ నన్ను కనిపెట్టుకునే ఉంటోంది. పొద్దున్నే నా ముఖం కిటికీ వైపు తిప్పి చూస్తుంది. అక్కకు మొదట ఎర్రబడింది బుగ్గలే. ఎండ తగిలితే జబ్బు ముదురుతుందని అక్కకు చెప్పారు కాబట్టి, గొడుగు లేకుండా నన్ను గుమ్మం దాటనివ్వదు. చిరాకేసేది. ప్రేమ కదా అని ఊరుకునేదాన్ని.

ఈ ఎండాకాలం ఆవకాయ కారానికి మిరపకాయలు మేడమీద ఎండబోశాము. అమ్మ మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేదని, మిట్టమధ్యాహ్నం నేనే వెళ్లి తిరగేసి వచ్చాను. బెజవాడ ఎండకు ముఖం కందిపోయింది. అమ్మ చూసింది. జాడీ తుడుస్తున్న గుడ్డ విసిరికొట్టింది.

"దానికివ్వకుండా దాచుకున్నావుగా! ఇప్పుడు ఎండలో పడి పాడు చేసుకుంటావా?"

అనేసి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత తడి తువ్వాలు తెచ్చి నా బుగ్గలు తుడవడం మొదలుపెట్టింది. నాకు కోపం రాలేదు, భయం వేసింది. నాకు జబ్బు వస్తే అమ్మ తట్టుకోలేదు. ఎప్పటికీ రాకపోతే, అక్కను ఊరికే పోగొట్టుకున్నామని తట్టుకోలేదు.