కోరా చిందీ

మా పోలీసు చౌకీల నా పేరు మీద రాసిచ్చిన కార్బైన్ నా చెయ్యంత పొడుగు కూడ లేదు. పొట్టి తుపాకి గదా, తుడుసుడెంత సేపు అంటరు చూసినోళ్లు. వాళ్ల నోట్ల మన్ను వడ. పెద్ద రైఫిలే నయం, వేళ్లన్న పడ్తయి. దీనికి అన్నీ సందులే. స్ప్రింగు విప్పంగనే ఎగిరి మంచం కిందికి పోతది, దాన్ని దేవులాడుకుంట మోకాళ్ల మీద పాకాలె. మాండవి దాటినంక అడవిల ఉన్నది మా చౌకీ. వానకాలం అచ్చిందంటే గోడలు కూడ చెమట పోస్తయి. పొద్దుగాల తుడిచి నూనె పెడితే మాపటికి మళ్ల జంగు, ఎర్రగ తుప్పు. నా బిడ్డకు నెత్తి దువ్విన దినాలు వేళ్ల మీద లెక్కవెట్టచ్చు గని, దీన్ని మాత్రం దినాం తుడుసుడే.

బిడ్డకు నాలుగేండ్లు. నాందేడ్ దిక్కు హిమాయత్‌నగర్‌ల మా అత్త కాడ ఉంటది. నా పెనిమిటి బస్సు కండక్టరు, ఓ దినం ఇటు, ఓ దినం అటు. అత్త పత్తి ఏరబోతే బిడ్డను కూడ చేనుకే తీస్కపోతది. వచ్చే జూన్‌ల దాన్ని బడిల ఎయ్యాలె. ఆ లోపల నేను ఆ ఊరికి బదిలీ చేయించుకోవాలె. గంతే, నాకు ఇంకో ఆశ లేకుండె. వచ్చే ఎండకాలంల అక్కడ ఒక జాగ ఖాళీ అయితదని తెలిసిన దినమే అర్జీ పెట్టిన. పై సాయెబు చదివిండు, తలూపిండు. "అంతా మంచిగనే ఉన్నది. ఈ ఏడు తపాసణీల నీ మీద ఎర్ర శేరా పడకుంట చూసుకో, చాలు" అన్నడు. తపాసణీ అంటే పైనోళ్లు అచ్చి మమ్ములను, మా తుపాకులను చూసి పోవుడు. శేరా అంటే వాళ్లు రిజిస్టర్ల రాసే మాట. నీలం సిరా అయితే బతికినట్టు. ఎర్రది పడ్డదా, ఆ ఏడు బదిలీ పేరు కూడ ఎత్తద్దు.

తపాసణీ దినం రానే అచ్చింది. తపాసణీ చేసే సాయెబు మధ్యాహ్నం రెండింటికి అస్తడన్నరు. నేను తెల్లారంగనే కార్బైన్‌ను విప్పి చాప మీద పరిచిన. నాతోని డ్యూటీ చేసే అన్న, లాతూరు దిక్కు మరాఠీ మనిషి, వంటింట్ల సాయెబు కోసమని పోహేలకు, అంటే అటుకులకు, ఉల్లిగడ్డ కోస్తున్నడు. మాకు తుపాకి పని నేర్పిన జమాదారు కోర్టు పనిమీద నాందేడ్ పోయి కూసున్నడు. ఎన్నడు లేంది ఆ దినమే పోవాల్నా?

పైన అంతా అద్దం లెక్క చేసిన. గొట్టం లోపలనే తిప్పలు. దానికో తాడుంటది, మేము ఫుల్‌త్రూ అంటం. ఒక కొసకు బరువు, ఇంకో కొసకు ముడి. ఆ ముడిల చిందీ, అంటే గుడ్డపేలిక, దోపి బరువును గొట్టంలకు జారిడిసి అవుతలికెళ్లి గుంజాలె. నూనె చిందీ గుంజిన, నాలుగు సార్లు గుంజిన. వెలుగుకు పెట్టి చూస్తే లోపల ఇంక మబ్బు మబ్బుగనే ఉన్నది. నాకు ఏడుపొక్కటే తక్కువ. బయట వాన, లోపల ఫోనుకు సిగ్నల్ లేదు. గొడుగు పట్టుకొని బోరింగు కాడికి పోయి జమాదారుకు ఫోన్ కొట్టిన.

"జమాదార్ సాబ్, లోపల చమక్ అస్తలేదు, ఏం చెయ్యాలె?"

గరగర చప్పుడు. నడుమ నడుమ ఆయన మాట. "తేల్ ఝాల్యావర్... కోరీ చిందీ మార్... తీన్ వేళా..." అంతల కట్ అయింది. నూనె అయినంక కోరీ చిందీ మూడు సార్లు కొట్టమన్నడు. నాకు మతి అచ్చినట్టయింది. అవును గదా, నల్లగైన పాత పేలికలతోని ఎట్ల మెరుస్తది? కోరా బట్ట కావాలె. కోరా అంటే మా ఇండ్లల్ల కొత్త బట్ట, నీళ్లు తగలనిది, గంజితోని కడక్‌గ ఉండేది. బిడ్డకు బొంత కుట్టుదామని నా పెట్టెల రెండు గజాలు పెట్టుకున్న. దాని బొంత తర్వాత, ముందుగాల దాని అమ్మ ఆ ఊరు పోవాలె అనుకొని కత్తెర పెట్టి పర్రున కోసిన.

మడత మీద మడత పెట్టి గట్టిగ దోపిన. సగం దాక గమ్మునే పోయింది. ఆడ ఆగింది. గుంజిన. కదల్లే. లోపలి నూనె తగిలి గంజి ముద్దయింది కావచ్చు, బట్ట ఉబ్బి గొట్టంల బిర్ర బిగుసుకున్నది. కాలు గోడకు తన్నిపెట్టి గుంజిన. టప్పుమని తాడు తెగి నేను ఎనుకకు పడ్డ. తోకెముక నొప్పి లేసింది. చేతిల తాడు తుంట, గొట్టంల నా బిడ్డ బొంత.

"తాయీ, ఏమైంది? అయిపోయిందా?" అని వంటింట్ల నుంచి అన్న అరిచిండు. తాయీ అంటే అక్క, నన్ను అట్లనే పిలుస్తడు.

"అయిపోయింది అన్నా" అని చెప్పిన. అట్ల ఎందుకన్ననో నాకే తెల్వది. సిగ్గు కావచ్చు.

ఇనుప సీకు పెట్టి పొడువద్దు, లోపల గీతలు పడ్తయని జమాదారు మొదటి దినమే చెప్పిండు. ఎదురుబొంగు పుల్ల సాపు చేసి నెట్టిన. బట్ట ఇంకింత గట్టిగైంది. మళ్ల వానల ఉరికిన, ఫోన్ కలువలే. అంతల జీపు చప్పుడు. రెండింటికి అస్తనన్న సాయెబు పన్నెండున్నరకే దిగిండు. మనం టైముకు పోతే వాళ్లు రారు, వాళ్లు జల్ది అచ్చే దినం మనకు గిట్ల అయితది. అన్నీ బిగించి బల్ల మీద పెట్టి నిలబడ్డ.

సాయెబు కార్బైన్ ఎత్తిండు. నంబరు చదివిండు, రిజిస్టర్ల కలిపిండు. తెల్ల రుమాలు తీసి పైన తుడిచిండు, రుమాలు తెల్లగనే ఉన్నది. "ఛాన్, బాగున్నది" అన్నడు. గొట్టంల కన్ను పెడ్తడని నేను చూస్తున్న. పెట్టలే! నీలం పెన్ను తీసి హత్యారం, అంటే ఆయుధం, స్వచ్ఛమని రాసిండు. వారం సంది వేళ్ల తోలు ఊడంగ తుడిచిన, ఆయన లోపల చూడనేలేదు. సంతోషపడాల్నా, తల కొట్టుకోవాల్నా సమజ్ గాలే. హిమాయత్‌నగర్ మాత్రం కండ్ల ముందర కనవడ్డది. బిడ్డ చెయ్యి పట్టుకొని బడికి పోతున్నట్టే కనవడ్డది.

సాయెబు పోహే తిన్నడు, చెయ్యి కడుక్కున్నడు. అన్న దిక్కు చూసి, "అడవి లోపలి దారి చూసి రావాలె. ఈ కార్బైనే తీస్కొని జీపుల కూసో" అన్నడు.

అన్న ఎత్తి భుజానికేసుకున్నడు. ఉన్నన్ని దినాలల్ల ఆ కార్బైన్ చౌకీ బయట ఒక్కసారి కూడ పేలలే. ఇయ్యాల మాత్రం ఎందుకు పేలుతది? రెండు గంటలల్ల తిరిగస్తరు, జమాదారు అస్తడు, తీస్తడు, ఎవరికీ తెల్వది. గిదంతా అనుకున్న. అబద్ధమెందుకు, నిజంగనే అనుకున్న. కానీ గొట్టంల అడ్డం ఉండంగ పేలిస్తే అది చేతులల్లనే పగుల్తది. పట్టుకున్నోని మొఖం మిగలది. అన్న జీపు మెట్టు మీద కాలు పెట్టిండు.

"సాబ్, థాంబా, ఆగుండ్రి!" అని అరిచిన. "దాంట్ల బట్ట ఇరికింది."

అప్పుడు చూసిండు సాయెబు గొట్టంలకు. కన్ను పెట్టి, తిప్పి తిప్పి చూసిండు. మొఖం కందగడ్డ అయింది. తన నీలం మాటను తనే కొట్టేసి, ఎర్ర పెన్నుతోని నాలుగు లైన్లు రాసిండు. బట్ట ఇరికినందుకు ఒక లైను, చెప్పకుంట దాచినందుకు మూడు. మీరు ముందే చూడాల్సింది గదా సాబ్ అన్న మాట నాలిక కొసకచ్చింది. మింగిన. ఇప్పటికీ అది కడుపుల మండుతనే ఉన్నది.

అన్నను ఆడనే దించి సాయెబు జీపు పోయినంక, ఆయన నాకు దండం పెడ్తడనుకున్నరా? ఎగిరిండు నా మీద. "సాయెబు ముందర అరుస్తవా తాయీ? జీపెక్కినంక నాకు చెవుల చెప్తే కాకపోవునా? నేను పేల్చకపోదును, నీ శేరా కూడ చెడకపోవును." అది ఇంటే నాకు ఇంకింత మండింది. ఎందుకంటే అదీ నిజమే. ఆ గడియల నాకు తోచలే, ఏం చెయ్యను?

మరునాడు జమాదారు అచ్చిండు. గొట్టంల సలసల కాగే నీళ్లు పోసిండు, గంజి నానింది, కట్టెపుల్లతోని మెల్లగ నెట్టిండు, చాయ్ తాగినంత సేపట్ల బట్ట ఊడి కిందవడ్డది. దాన్ని చిటికెన వేలుతోని లేపి, "తుపాకిల కోరా బట్ట పెట్టుమని ఏ తెలివిగల్లోడు చెప్పిండు?" అన్నడు.

"మీరే సాబ్. ఫోన్‌ల."

"నేను చెప్పింది కోరడీ! కోరడీ చిందీ! పొడి పేలిక!"

మరాఠీ బడిల పదో తరగతి దాక చదివిన దాన్ని. కోరడీ అంటే పొడిది, నాకు తెల్వకనా? ఆ పాడు ఫోను నడుమ ఒక్క డకారం మింగింది. మిగిలిన ముక్కను నా చెవి మా ఇంటి దిక్కు తీస్కపోయింది. ఒక్క అక్షరం! జమాదారు పొడి పేలిక తెచ్చి తనే మూడు సార్లు గుంజి చూపిండు. అది ఇంక కష్టమయింది నాకు.

హిమాయత్‌నగర్ జాగ ఎండకాలంల అన్నకే అచ్చింది. ఆయన అర్జీ పెట్టిండని కూడ నాకు తెల్వది. పోంగ పోంగ, "మీ ఇంటికి ఏమన్న పంపేదుంటే ఇయ్యి తాయీ" అన్నడు. బిడ్డకు రెండు గౌన్లు, ఓ పలక ఇచ్చిన. చెడ్డోడు కాదు, అదే నాకు గుస్సా. చెడ్డోడైతే తిట్టుకొని ఊకుందును.

జూన్‌ల బడి మొదలైన దినం నాకు సెలవు దొరకలే. మా అత్తకు జరం. అన్ననే బిడ్డను తన బండి మీద కూసోవెట్టుకొని బడిల దించి అచ్చిండట. ఆ మాపటికి బిడ్డ ఫోన్ చేసింది. బడి ముచ్చట్లన్నీ చెప్పింది, పక్కన కూసున్న పిల్ల పేరు చెప్పింది. ఆఖరుకు అడిగింది.

"అమ్మా, మీ చౌకీల మామ అచ్చిండు గదా. మరి నువ్వెందుకు రాలే?"

"తుపాకి తుడిచేదుండె బిడ్డా" అన్న.