మస్తానీ చేసిన మట్టి ఏనుగు

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులొస్తే చాలు, మా అరుగు మీద రోజూ యుద్ధమే. ఆట పేరు కోటాట.

నాపరాళ్ళ మీద సుద్దముక్కతో రెండు కోటలు గీసేవాళ్ళం. జట్టుకి ఎనిమిది మట్టి బొమ్మలు... సిపాయిలు, గుర్రాలు, ఒక ఏనుగు. అవతలివాళ్ళు గోళీ దొర్లిస్తారు. పడిన బొమ్మ చచ్చినట్టే. చివరిదాకా ఎవరి బొమ్మ నిలబడితే కోట వాళ్ళది.

అద్దంకి పక్క పల్లె మాది. ఎటు చూసినా నల్లరేగడి. ఆ మట్టితో బొమ్మ చేయడం తేలికే... ఎండాకే దాని బుద్ధి బయటపడుతుంది. ఎండాకాలం పొలం నెర్రెలిచ్చినట్టు బొమ్మ కూడా బిగుసుకుపోయి, వంకర తిరిగి, ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అయ్యేది. కూల్‌డ్రింకు మూతలు బోర్లించి, వాటి మీద మైదా జిగురుతో అంటించేవాళ్ళం. గోళీ దాకా ఎందుకు, గట్టిగా తుమ్మినా పడిపోయేవి. మా అన్నయ్య జట్టేమో కుమ్మరాయన దగ్గర మెత్తటి ఎర్రమట్టి సంపాదించింది. వరసగా మూడు ఆటలు మేమే ఓడిపోయాం.

నా జట్టులో మస్తానీ ఉండేది. అసలు పేరు మస్తాన్‌బీ, సైకిల్ షాపు సైదా బాబాయి కూతురు. పసితనంలో జ్వరమొచ్చి ఎడమకాలు రెండు వేళ్ళంత పొట్టిగా ఉండిపోయింది. పరుగుపందేలకి దాన్నెవరూ పిలిచేవాళ్ళు కాదు. బొమ్మలు చేయడంలో మాత్రం దానికి సాటి లేదు. నాలుగో ఆటకి ఒక ఏనుగుని చేసింది చూడండీ... చాటంత చెవులు, తొండంలో పత్తికాయ! రెండు రోజులు కాపలా కాసి మరీ ఎండబెట్టింది.

తీరా ఎండాక ముందుకాలు ఒకటి పొట్టిదైపోయింది. రేకు మూత మీద నిలబెడితే టకటకా ఊగుతోంది. అవతల అన్నయ్య కోట గీసేసి కేకలు పెడుతున్నాడు. నాకేమో తొందర... మస్తానీకి చెప్పకుండా ఏనుగుని తీసుకుని, మిగతా మూడు కాళ్ళూ సమానం చేద్దామని నాపరాయికేసి అరగదీశాను. ఒకటి సరిచేస్తే ఇంకోటి పొట్టిదయ్యేది. పిల్లుల రొట్టె కోతి పంచినట్టయింది నా పని.

"ఏమే, అది ఏనుగా, పందిపిల్లా?" అన్నాడు అన్నయ్య. అందరూ ఒకటే నవ్వు.

నాకు ఒళ్ళు మండింది. "కుంటి ఏనుగుని చేసిస్తే నేనేం చెయ్యను? కుంటిది మాకెందుకు!" అని అరిచాను.

నవ్వులు ఆగిపోయాయి. అరుగు చివర మస్తానీ కూర్చుని ఉంది. చెప్పులు వేసుకుని, మెల్లగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

'నోరు మంచిదైతే ఊరు మంచిది' అని మా నాయనమ్మ రోజుకి పదిసార్లు అనేది. నాకు అర్థమైంది ఆ రోజే. రెండు రోజులు మస్తానీ రాలేదు. వాళ్ళింటికి వెళ్ళే ధైర్యం నాకు లేదు. మూడో రోజు ఏనుగుని గౌను జేబులో పెట్టుకుని సైకిల్ షాపుకి వెళ్ళాను.

సైదా బాబాయి మస్తానీ ఎడమచెప్పు బాగుచేస్తున్నాడు. దాని అడుగున పాత టైరు ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికించి ఉన్నాయి. రోజూ చూసే చెప్పే... ఆ రోజు మాత్రం చూడలేకపోయాను.

"బాబాయ్... ఇది నిలబడట్లేదు" అన్నాను.

తిప్పి చూశాడు. "అరగదీసిందెవరు?"

"నేనే."

"పొట్టికాలుని వదిలేసి పొడుగు కాళ్ళని కోస్తే ఎట్టా తల్లీ? పొట్టిదాని కిందే ఏదన్నా ఎత్తు పెట్టాల."

మస్తానీ ఇంట్లో చెప్పిందో లేదో తెలియదు. ఆయన కోప్పడలేదు, అందుకే ఇంకా ఏడుపొచ్చింది. చెప్పుకి పెట్టగా మిగిలిన రబ్బరు ముక్క ఇచ్చి, నా చేతే చేయించాడు. పంచర్ వేసేటప్పుడు ట్యూబుని గీకినట్టు, ముందు మూతని గరుకుగా గీకమన్నాడు. నున్నటిదాని మీద ఏదీ నిలవదట. సైకిల్ చక్రం చువ్వ ముక్కతో, నొక్కకుండా తిప్పుతూ తిప్పుతూ కాలికి చిన్న బెజ్జం వేయించాడు. మూతకీ రబ్బరుకీ కూడా బెజ్జాలు వేసి, ఆ చువ్వ ముక్కనే కింద నుంచి కాల్లోకి గుచ్చి సరిచూసి, మళ్ళీ తీశాం. అన్నిటికీ పంచర్లకి వాడే సొల్యూషన్ జిగురు రాశాక నేను గబగబా అంటించబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగమ్మా... తడి మీద అంటిస్తే ఊడుద్ది. కాస్త ఆరనీ."

ఆరాక అతికించి తీసుకెళ్ళాను. మస్తానీ వాళ్ళింటి ముందు మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. ఏనుగుని దాని ముందు పెట్టాను. వేలితో ఒక్కటిచ్చింది. ఏనుగు కదల్లేదు. ఇంకోటి ఇచ్చింది. అయినా కదల్లేదు.

"నా చెప్పు రబ్బరేగా ఇది?" అంది. తలూపాను. ఇంకో మిరపకాయ తొడిమ తీస్తూ, "ఏనుగునేమన్నా అనుకో. నన్ను అనబాకు" అంది.

బావురుమన్నాను. నా కళ్ళు తుడవబోయి టక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. "నా చేతులకి కారం... నువ్వే తుడుచుకోవే" అంది.

ఆ రోజు ఆగిపోయిన నాలుగో ఆట ఎలా జరిగిందంటారా... మా సిపాయిలు, గుర్రాలు అన్నీ పడిపోయాయి. ఏనుగొక్కటే మిగిలింది. అన్నయ్య తన పెద్ద గోళీతో కొట్టాడు. గోళీ వెనక్కి పోయింది గానీ ఏనుగు పడలేదు. కోట మాదే!

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే... నిన్న మా అమ్మాయి ఏదో ఆట కోసం తెప్పించుకున్న చిన్న చిన్న యోధుల బొమ్మలు గుండ్రటి బిళ్ళల మీద అతికిస్తోంది. ఒక యోధుడి పాదం బిళ్ళకి ఆనట్లేదు. రెండో కాలు కోయడానికి బ్లేడు తీసింది. నేను అరిచిన అరుపుకి హడలిపోయింది పాపం. ఇప్పుడు క్షణంలో అతుక్కునే జిగుర్లు వచ్చేశాయి. ఆరేదాకా ఆగాల్సిన పనే లేదు... పక్కన కూర్చుని ఆపే సైదా బాబాయీ లేడు.

మీరు ఏ మట్టితో ఏ బొమ్మలు చేశారో, దేంతో అతికించారో చెప్పండి, చదవాలని ఉంది.

మస్తానీ ఇప్పుడు కనిగిరిలో ఉంటోంది. నేను రాసేవన్నీ చదువుతుంది, కామెంటు మాత్రం పెట్టదు. మస్తానీ... ఆ రోజు ఏడ్చాను గానీ, తప్పయిందని నోటితో అనలేదే. తప్పయిందే. ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ ఆ మాట అన్నది నలుగురిలో కదా... అందుకే ఇదీ నలుగురిలోనే చెబుతున్నాను.