గూడూరు వరండాలో ఆ పగలు

తుఫాను మా పల్లె పడవలన్నిటినీ పగలగొట్టి పోయిన ఏడు నాకు తొమ్మిదేళ్ళు. సముద్రం మీదికి పోయిన నాన్న తిరిగి రాలేదు. బావుల్లోకి ఉప్పునీళ్ళు చేరాయి. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ రోజూ వచ్చి పిల్లలకు గంజి పోసేది. మేము వాళ్ళ మతం కాదు. ఆ మాట ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. చివరికి ఆమె దగ్గరా బియ్యం అయిపోయాయి.

అప్పుడామె మా అమ్మనూ, చంకలో వాడిపోయిన తమ్ముణ్ణీ, నన్నూ గూడూరు తాసిల్దారు ఆఫీసుకు తీసుకుపోయింది.

"మీ మిషనోళ్ళు పెడతా ఉండారు కదమ్మా, ఇంక మేమెందుకు?" అన్నాడు తాసిల్దారు.

"ఉన్నింది అయిపోయినాది సార్. ఆకలైనోళ్ళకు పెట్టమని మా ప్రభువు చెప్పినాడు, పెట్టినాను. సర్కారు ఉండేది వీళ్ళ కోసం కాదా?"

"నెల్లూరు నుంచి ఆర్డరు రావాల."

"వచ్చేదాకా ఈడనే కూర్చుంటాం" అని ఆమె వరండాలో కటికనేల మీద కూర్చుంది. మేమూ కూర్చున్నాం.

మధ్యాహ్నానికి తమ్ముడు ఏడుపు మానేశాడు. డాక్టరమ్మ వాడి చెయ్యి పట్టి చూసి, అమ్మను దగ్గరికి లాక్కుని తనూ గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని తాసిల్దారు బయటికొచ్చాడు. తమ్ముణ్ణి చూసి, ఆర్డరు రాకుండానే బియ్యం గోడౌను తెరిపించాడు.

మర్నాడు మా పల్లెలో సర్కారు గంజి కాచారు. తమ్ముణ్ణి ఇసుకలో పూడ్చి వచ్చిన అమ్మ, తడిచీరతోనే నన్ను వరసలో నిలబెట్టింది.

"తాగు బిడ్డా, నువ్వన్నా ఉండాల" అంది.

నేను తాగాను. అమ్మ మాత్రం తన గిన్నె పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయింది.